నీరో ఫిడేలు, నాయుడుగారి ఫిడేలు

జనం కష్టాల్లో ఉండగా పట్టించుకోని పాలకుణ్ణి ఎత్తిపొడవడానికి తెలుగు ఉపన్యాసకుల దగ్గర, పత్రికల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండే మాట ఒకటుంది. రోమ్ నగరం తగలబడిపోతుంటే నీరో చక్రవర్తి ఫిడేలు వాయించుకుంటూ కూర్చున్నాడన్నదే ఆ మాట. విజయనగరం సభల్లోనూ ఇది వినబడుతూనే ఉంటుంది. అదే విజయనగరంలో, మహారాజా సంగీత నృత్య కళాశాలలో, పాఠం మొదలుపెట్టే ముందు విద్యార్థులు అదే ఫిడేలుకు నమస్కరించి ఒడిలోకి తీసుకుంటారు. ఒకే ఊళ్లో ఒకే పేరు ఒక నోట బాధ్యతారాహిత్యానికి గుర్తు, మరో చోట సాధనకు గుర్తు. రెంటిలో ఏ ఒక్కరూ తప్పు మాట్లాడుతున్నామని అనుకోరు.

చరిత్ర ప్రకారం మొదటి మాట నిలబడదు. రోమ్ నగరం కాలిపోయింది క్రీ.శ. 64లో. ఫిడేలు పుట్టింది ఆ తరువాత దాదాపు పదిహేను వందల ఏళ్లకు, ఉత్తర ఇటలీలో. నీరోకు వచ్చిన వాద్యం మీటి వాయించే ఒక రకమైన తంత్రీవాద్యం. ఇంగ్లీషులో ఫిడేలు అనే మాటకు పనికిమాలిన కాలక్షేపం అనే అర్థం కూడా ఉండటంతో ఈ నానుడి అక్కడ అలా స్థిరపడింది. అది తెలుగులోకి వచ్చినప్పుడు, వాద్యం మీద ఉన్న పరాయి చులకన కూడా దానితో పాటే వచ్చేసింది. తెలుగువారు సొంతంగా ఫిడేలుకు ఇచ్చిన అర్థం అది కాదు. సొంతంగా ఇచ్చిన అర్థమేమిటో, అది ఎలా ఏర్పడిందో తెలియాలంటే ఇతర సమాజాలు ఇదే వాద్యాన్ని ఎలా చూశాయో పక్కన పెట్టుకుని చూడాలి. ఇందుకు ఫిడేలు వంటి వాద్యం మరొకటి దొరకదు. నాలుగు తీగలు, వాటి మీద రాసి వాయించే కమాను, నడుము దగ్గర సన్నబడిన చెక్కపెట్టె అనే దాని రూపం ఏ దేశం వెళ్లినా దాదాపు మారలేదు. మారిందల్లా దాన్ని పట్టుకున్న మనుషులు, పట్టుకున్న తీరు, వాయించిన చోటు.

పుట్టినింట దానికి దక్కింది గొప్ప స్థానమేమీ కాదు. 1556లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో ఫిలిబెర్ జాంబ్ ద ఫేర్ అనే సంగీతజ్ఞుడు తన రచనలో ఒక తేడా స్పష్టంగా చెప్పాడు. పెద్దమనుషులు, వర్తకులు కాలక్షేపానికి వాయించుకునేది వయోల్ అనే మరో కమాను వాద్యమని, ఫిడేలు నాట్యాలకూ పెళ్లి ఊరేగింపులకూ పనికివచ్చేదని, దానితో పొట్టపోసుకునేవారు తప్ప మిగిలినవారు దాన్ని ముట్టుకోవడం అరుదని అందులోని భావం. అది కూలికి మోగే వాద్యమన్నమాట. చిత్రమేమిటంటే, కొద్ది ఏళ్లకే క్రెమోనా పట్టణపు ఆంద్రియా అమాతీ చేసిన వాద్యాలు ఫ్రెంచి రాజు తొమ్మిదో చార్లెస్ ఆస్థానానికి చేరాయి. చెక్క అదే, తీగలు అవే. ఇల్లు మారగానే పరువు మారింది.

అయినా కింది తరగతి వాసన, దానితో పాటు భయం, చాలాకాలం పోలేదు. నికోలో పగనీనీ వేళ్లు అంత వేగంగా కదలడం చూసి, అతడు సైతానుకు ఆత్మను అమ్ముకున్నాడని ఐరోపా జనం చెప్పుకున్నారు. 1840లో అతడు నీస్ నగరంలో చనిపోయినప్పుడు మరణశయ్య మీద మతాచార్యుడు జరిపే చివరి సంస్కారం అందుకోలేదన్న కారణంతో చర్చి తన నేలలో ఖననానికి ఒప్పుకోలేదు. ఆ శవపేటిక చోటు నుంచి చోటుకు తిరిగి తిరిగి, 1876లో గాని పార్మా నగర శ్మశానంలో స్థిరంగా చోటు దక్కించుకోలేదు.

ఈ భయం ఎంత లోతుకు పోగలదో నార్వే చూపిస్తుంది. అక్కడి పడమటి కొండసీమల్లో హార్డాంగర్ ఫిడేలు అనే ప్రత్యేక వాద్యం ఉంది. కమాను తగిలే నాలుగు తీగల కింద మరో నాలుగో అయిదో తీగలు ఉండి, ఎవరూ తాకకుండానే పై తీగల నాదానికి స్పందించి మోగుతాయి. కొసన సింహం తల చెక్కుతారు, ఒంటి నిండా ముత్యపు చిప్ప పొదుగుతారు. పెళ్లికూతురిని చర్చికి తీసుకువెళ్లే ఊరేగింపులో ముందు నడిచేది ఫిడేలు వాద్యకారుడే. జలపాతం కింద ఉండే ఒక శక్తికి మాంసం నైవేద్యం పెడితే, అది నేర్చుకోవాలనుకున్నవాడి చేయి పట్టుకుని, రక్తం కారే వరకు వేళ్లను తీగల మీద రాపిడి చేసి విద్య ఇస్తుందని అక్కడివారి నమ్మకం. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ భక్తి ఉద్యమాలు బలపడ్డాక ఈ నమ్మకమే ఆ వాద్యానికి శాపమైంది. సైతాను వాద్యమని ఎన్నింటినో తగలబెట్టారు, కొందరు గోడల వెనుక దాచుకున్నారు. చర్చి దాకా దారి చూపిన వాద్యానికి చర్చి లోపల చోటు లేదు. అదే శతాబ్దంలో, 1849లో, ఊలె బుల్ అనే ప్రసిద్ధ విద్వాంసుడు మిల్లార్గుటెన్ అనే పల్లెటూరి ఫిడేలు వాద్యకారుణ్ణి రాజధానికి తీసుకువచ్చి కచేరీ వేదిక ఎక్కించాడు. ఊళ్లలో తగలబెడుతున్న వస్తువే రాజధానిలో జాతి గుర్తింపుగా మారింది. ఒకే కాలంలో ఒక సమాజమే ఒక వాద్యాన్ని రెండు విధాలుగా చూడగలదన్నదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

అట్లాంటిక్ మహాసముద్రం అవతల దాని అర్థం మరింత బాధ కలిగించేది. అమెరికాలో బానిసలుగా బతికిన నల్లజాతివారిలో ఫిడేలు బాగా వాయించేవారు ఎందరో ఉండేవారు. పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో ఇచ్చిన ప్రకటనల్లో ఒంటి మీది గాట్లతో పాటు ఫిడేలు వాయిస్తాడన్నది కూడా ఆనవాలుగా ఉండేది. న్యూయార్కు రాష్ట్రంలో స్వేచ్ఛగా బతుకుతున్న సాలమన్ నార్తప్‌ను 1841లో ఫిడేలు వాయించే పని ఇప్పిస్తామని వాషింగ్టన్‌కు రప్పించి, అక్కడ అపహరించి బానిసగా అమ్మేశారు. 1853లో విడుదలయ్యాక అతడు చెప్పుకున్న జీవితకథలో ఆ ఫిడేలే పన్నెండేళ్ల చెరలో తోడుగా నిలిచిన నేస్తం. అతణ్ణి వలలో వేసిందీ అదే, దొరల ఇళ్లలో నాట్యాలకు మోగవలసి వచ్చిందీ అదే, రాత్రి గుడిసెలో ఓదార్చిందీ అదే.

ఇక పేర్ల సంగతి. ఇంగ్లీషు మాట్లాడే సమాజాల్లో ఒకే వస్తువుకు రెండు పేర్లు ఉన్నాయి. జానపదులు సంతలోనో పెళ్లిలోనో వాయిస్తే అది ఫిడేలు. నల్లకోటు వేసుకుని పెద్ద వాద్యబృందంలో వాయిస్తే వయొలిన్. పేరును బట్టే అంతస్తు. తెలుగులో ఈ రెండు పేర్లూ ఉన్నా వాటి మధ్య ఆ గోడ లేదు. పాత తరం విజయనగరం వారు మహావిద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుణ్ణి తలుచుకోవలసి వచ్చినా గౌరవంగానే ఫిడేలు నాయుడుగారు అన్నారు. ఇంగ్లీషువారి కింది తరగతి మాట తెలుగులోకి వచ్చి పెద్దరికం సంపాదించుకుంది. తరువాత పండితులు వాయులీనం అనే మాటనూ వాడుకలోకి తెచ్చారు. గాలిలో లయించేది అనే అర్థం ఇస్తూ, చెవికి వయొలిన్ అన్నట్టే వినిపించే ఆ మాట తెలుగు చమత్కారానికి మంచి నమూనా. నిజానికి అది గాలివాద్యం కాదు. అయినా పరాయి పేరుకు సంస్కృతపు కండువా కప్పగానే ఆ వాద్యం ఇంటిదైపోయినట్టు అనిపిస్తుంది.

ఇంటిది కావడం అంత సులువుగా మాత్రం జరగలేదు. దక్షిణ భారతంలో ఈ వాద్యాన్ని మొదట శాస్త్రీయ సంగీతంలోకి తెచ్చినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యులు. మద్రాసులో ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర ఆయన ఫిడేలు నేర్చుకున్నారు. అన్నగారు బ్రిటిషు బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు రచించిన వాతావరణం కూడా అదే. సంగీత, నాట్యాచార్యులుగా పేరుపొందిన తంజావూరు సోదరుల్లో ఒకరైన వడివేలు ఈ వాద్యంలో సాధించిన ప్రతిభకు తిరువాన్కూరు మహారాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు ఫిడేలు బహూకరించారు. ఒక తరం గడిచేసరికి బయటి నుంచి వచ్చిన వాద్యానికి రాజాస్థానంలో పీట వేశారు.

దీనికి అసలు కారణం చూడాలంటే ఆస్థానాలను వదిలి, వాద్యం ఒడిలో ఉన్న మనిషిని దగ్గరగా చూడాలి. పాశ్చాత్య వాద్యకారుడు నిలబడో, కుర్చీలో కూర్చునో ఫిడేలును భుజం మీదికి ఎత్తి గడ్డంతో అదిమి పట్టుకుంటాడు. విజయనగరం కళాశాల విద్యార్థి చాప మీద మఠం వేసుకుని కూర్చుంటాడు. కుడి పాదం కాస్త ముందుకు జరిపి, ఫిడేలు కొసన చుట్టుకున్న వంపును ఆ చీలమండ మీద ఆనిస్తాడు. రెండో కొస గుండెకు ఎడమ పైభాగాన తగులుతుంది. బరువంతా పాదం, ఛాతీ పంచుకోవడంతో ఎడమ చేతికి మోసే పని ఉండదు. ఆ చేయి తీగ మీద కింది నుంచి పై వరకు స్వేచ్ఛగా జారగలదు. కాంభోజి పలికించినా తోడి పలికించినా స్వరాన్ని ఊపి, జార్చి, పక్క స్వరపు నీడ తగిలించి తేవలసిన గమకానికి కావలసింది సరిగ్గా ఈ స్వేచ్ఛే. ఫిడేలు దండి మీద వీణకున్నట్టు మెట్లు లేవు కనుక దారిలో అడ్డూ లేదు. తీగల శ్రుతి కూడా మారింది. నాలుగు తీగలకూ నాలుగు వేరు స్వరాలు పెట్టే పాశ్చాత్య పద్ధతికి బదులు ఇక్కడ స–ప–స–ప అని కట్టుకుంటారు. గాయకుడి గొంతును బట్టి శ్రుతి దించుకుంటారు. ఆ కూర్చునే తీరులో మరో విశేషం ఉంది. చెప్పులు విడిచి, నేల మీద, గాయకుడితో ఒకే ఎత్తున, తల కాస్త వంచి కూర్చున్న మనిషి చేతిలోని వస్తువును చూసే కంటికి అది పరాయిదని తోచదు. వాద్యంలో ఒక్క ముక్క మార్చకుండానే దాన్ని పట్టుకునే శరీరాన్ని మార్చడం ద్వారా ఒక సమాజం దాన్ని తన సొంతం చేసుకుంది.

ఈ పని చేసింది దక్షిణాది ఒక్కటే కాదు. మొరాకోలోని ఆండలూసియన్ సంగీత బృందాల్లో ఫిడేలును తొడ మీద నిలువుగా నిలబెట్టి వాయిస్తారు. అంతకుముందు నుంచి అక్కడ ఉన్న రబాబ్ వాద్యాన్ని పట్టుకునే తీరు అదే. అరబ్బు విద్వాంసులు తీగలను సొల్–రే–సొల్–రే అని, మన స–ప–స–ప వంటి పోలికతోనే కట్టుకున్నారు. ఒకరినొకరు చూడని రెండు సంగీతాలు ఒకే అవసరం వల్ల ఒకే దారి పట్టాయన్నది గమనించదగ్గ సంగతి. అరబ్బీలో ఫిడేలుకు కమాన్, కమంజా అనే పేర్లున్నాయి. పారశీక భాషలో కమాన్ అంటే విల్లు. తెలుగువారు ఫిడేలు వాయించే పుల్లను కమాను అనడం కూడా ఆ మాట పుణ్యమే. ఇరాన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫిడేలు వచ్చి స్థానిక కమాను వాద్యమైన కమాంచేను పక్కకు నెట్టింది. ఆ తరువాత సంప్రదాయం వైపు చూపు మళ్లినప్పుడు కమాంచే తిరిగి లేచింది. 1979 ఇస్లామిక్ విప్లవం తరువాత అక్కడి ప్రభుత్వ టెలివిజన్‌లో పాట వినిపించినా వాద్యాన్ని చూపించడం మానేశారు. చైనాలో సాంస్కృతిక విప్లవం వచ్చినప్పుడు బీజింగ్ కేంద్రీయ సంగీత విద్యాలయ అధిపతి, ఫిడేలు విద్వాంసుడు మా సీకాంగ్ అవమానాలు భరించలేక 1967లో దేశం విడిచి పారిపోయాడు. అదే విప్లవం ఆమోదించిన నాటకాల సంగీతంలో ఫిడేళ్లు మోగుతూనే ఉన్నాయి. వాద్యం మీద వ్యతిరేకత వచ్చినప్పుడు దాని గురి చాలాసార్లు నాదం మీద ఉండదు, దాన్ని పట్టుకున్న వర్గం మీద ఉంటుంది.

మన దేశంలోనే హార్మోనియం కథతో పోల్చితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అదీ ఐరోపా నుంచి వచ్చినదే. 1940లో ఆలిండియా రేడియో దాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాల తరువాత గాని ఆ పట్టు సడలలేదు. మీటలు నొక్కితే స్వరం బిగుసుకుపోయి గమకం పలకదన్నది ప్రధాన అభ్యంతరం. విదేశీ వాద్యమన్న నింద కూడా దానికి తోడైంది. ఆ కాలంలోనే ఫిడేలు ప్రతి కచేరీలోనూ మోగుతున్నా, దాన్ని విదేశీ అని గెంటేయాలని ఎవరూ గట్టిగా అడగలేదు. మరోవైపు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో పద్యనాటకం తెర లేచిందంటే హార్మోనియం లేనిదే రాగం ఎత్తుకునేవారే లేరు. రేడియో వద్దన్న వాద్యం ఊరి అరుగు మీద పూజ్యమైంది. కనుక స్వదేశీ, విదేశీ అనే కొలతతో వాద్యాల అర్థం తేలదన్నది ఇక్కడ ఒప్పుకోవలసిన విషయం.

విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆస్థానంలోని ఒక ఉద్యోగి కుమారుడికి చూపు లేకపోవడంతో, అతడికి సంగీతం నేర్పించే ఏర్పాటు చేయాలన్న ఆలోచనే కళాశాలగా ఎదిగిందని ఊళ్లో చెప్పుకుంటారు. తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఇరవై ఆరేళ్ల ద్వారం వెంకటస్వామి నాయుడు అప్పుడే ఫిడేలు ఆచార్యులుగా చేరారు. 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగిన ఆయనకు చిన్నప్పటి నుంచీ చూపు మందం. 1936లో ఆయనే కళాశాల అధ్యక్షులయ్యారు.

చూపు సంగతి ఇక్కడ యాదృచ్ఛికం అనిపించవచ్చు గాని, ఈ వాద్యం విషయంలో అది చాలా ముఖ్యం. మెట్లు లేని దండి మీద వేలు ఎక్కడ పెట్టాలో కన్ను చెప్పదు, చెవే చెప్పాలి. అందుకే ఐరోపాలోనూ అంధ ఫిడేలు వాద్యకారులు తక్కువ కారు. స్కాట్లాండు చిత్రకారుడు డేవిడ్ విల్కీ 1806లో వేసిన ఒక ప్రసిద్ధ చిత్రంలో అంధుడైన వాద్యకారుడు ఒక పేద ఇంట్లో కూర్చుని వాయిస్తుంటాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి వింటుంటారు. అక్కడ ఆ మనిషి ఊరూరా తిరిగి పొట్ట పోసుకునేవాడు. అతని ఫిడేలు చూసేవారిలో జాలి పుట్టిస్తుంది. విజయనగరంలో చూపులేమి, ఫిడేలు కలిసిన చోట ఏర్పడింది ఆచార్య పీఠం. రెండు సమాజాలూ ఒకే సత్యాన్ని గుర్తించాయి, ఆ సత్యానికి ఇచ్చిన స్థానంలోనే తేడా అంతా ఉంది.

నాయుడుగారు తెచ్చిన మార్పు మరొకటి ఉంది. అప్పటికి కర్ణాటక సంగీతంలో ఫిడేలు పక్కవాద్యం. గాయకుడు పాడినదాన్ని వెంటనే అందుకుని నీడలా నడవడం దాని ధర్మం. హరికథలో అయితే ఆ ధర్మం ఇంకా కఠినం. దాసుగారు గజ్జెలు కట్టి, చిరతలు పట్టి వేదిక అంతా తిరుగుతూ పద్యం నుంచి వచనానికి, వచనం నుంచి పాటకు మారిపోతుంటే వెనుక కూర్చున్న ఫిడేలు ఆ నోటి మాటకే కట్టుబడి ఉండాలి. నీడకు సొంత మాట ఉండదు. ఫిడేలు కచేరీ అంటే ఫిడేలే ప్రధానమని నాయుడుగారు నిలబెట్టారు. పొడవుగా, నిదానంగా లాగే ఆయన కమానులో గొంతు పాడుతున్నట్టే నాదం నిండుగా, తెగకుండా వచ్చేది. పాశ్చాత్య విద్వాంసుల కమాను పట్టులోని మంచిని ఆయన శ్రద్ధగా గ్రహించారు గాని, పలికించినదంతా త్యాగరాజు బాటే. ఆయన వాదనం విన్న పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ దాన్ని మనసారా ప్రశంసించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనకు దక్కాయి. మైసూరు చౌడయ్య, కుంభకోణం రాజమాణిక్యం పిళ్లై, ద్వారం కలిసి ఆ తరంలో ఫిడేలుకు మూడు స్తంభాలుగా నిలిచారు. ముగ్గురివీ వేరు వేరు ప్రాంతాలు, వేరు వేరు కులాలు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. ఉత్తరాంధ్రలో ప్రతి వాద్యానికీ ఒక కులం, ఒక విధి పుట్టుకతోనే ఉన్నాయి. పెళ్లిలో సన్నాయి, డోలు మంగళవాద్యాలు, వాటికి నాయీబ్రాహ్మణులు ఉన్నారు. ఛాతీకి గుళ్లు కట్టుకుని, కాళ్లకు గజ్జెలు కట్టి గంతులేస్తూ వాయించే తప్పెటగుళ్లు యాదవులవి. చావుకు మోగే డప్పు చుట్టూ అంటరానితనపు గాయం ఇప్పటికీ ఉంది. ఫిడేలు ఇక్కడికి వచ్చినప్పుడు దానికి గుడిలో పని లేదు, శవయాత్రలో పని లేదు, దాన్ని వంశపారంపర్యంగా మోయవలసిన కులమూ లేదు. ఏ కథా లేకుండా రావడమే దానికి కలిసివచ్చింది. దేవుడు చేతిలో పట్టుకోని వాద్యం కనుకనే ఎవరి చేతికైనా అందగలిగింది. అయితే దీన్ని మరీ పెద్దది చేసి చెప్పకూడదు. ఆస్థానం, కళాశాల, కచేరీ సభ దాటి అది పల్లెలోకి పెద్దగా పోలేదు. జముకులకథ చెప్పేవారి పక్కన ఫిడేలు కనబడదు. పుట్టుకను బట్టి కట్టిన గోడ లేకపోయినా చదువు, డబ్బు, పట్టణం కట్టిన గోడ దాని చుట్టూ ఉంది.

విజయనగరం జిల్లాలోనే ఉన్న బొబ్బిలి వీణ దీనికి పూర్తి విరుద్ధం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మానును ఒకే దుంగగా తొలిచి ఏకాండి వీణ చేస్తారు. దాని మీద ఇరవై నాలుగు మెట్లు ఉంటాయి. వీణ సరస్వతిది కనుక దానికి అర్థం ఎవరూ ఇవ్వనక్కర లేదు, ముందే ఉంది. ఆ అర్థం ఎంత గట్టిదంటే వాయించకపోయినా నిలుస్తుంది. ఉత్తరాంధ్రలో సన్మాన సభ జరిగితే అతిథికి శాలువాతో పాటు అద్దాల పెట్టెలో చిన్న బొబ్బిలి వీణ ఇవ్వడం ఆనవాయితీ. అది మోగదు. గోడ పక్కన, టీవీ మీద ఉంటుంది. ఆ కళాకారుల బతుకు చాలావరకు ఇప్పుడు ఈ బొమ్మ వీణల మీదే నడుస్తోంది. ఫిడేలు బొమ్మను జ్ఞాపికగా ఇచ్చేవారు ఇక్కడ కనబడరు. మోగకపోతే దానికి ఈ నేల మీద అర్థమే లేదు. వీణకు గౌరవం పుట్టుకతో వచ్చింది, ఫిడేలు దాన్ని ప్రతి సాయంత్రం సాధనతో సంపాదించుకోవాలి.

ఈరోజు దుకాణంలో కొనే ఫిడేలు పెట్టెలో భుజానికి తగిలించుకునే మెత్త ఒకటి, దేహానికి బిగించి గడ్డం ఆన్చుకునే చెక్క ఒకటి ఉంటాయి. ఆ చెక్కను జర్మన్ విద్వాంసుడు లూయీ ష్పోర్ 1820 ప్రాంతంలో కనిపెట్టాడు. కళాశాలలో చేరిన కొత్త విద్యార్థి మెత్తను తీసి పెట్టెలోనే ఉంచేస్తాడు. చెక్క మాత్రం వాద్యానికే ఉండిపోతుంది. దాని మీద ఎవరూ గడ్డం ఆనించరు. చాప మీద కూర్చున్న పిల్లవాడు బిరడాలు తిప్పి తీగలను ఒక్కొక్కటిగా దించి, తంబూర పెట్టె శ్రుతికి స–ప–స–ప కట్టి, కొసను చీలమండ మీద ఆనించి సరళీస్వరాలు ఎత్తుకుంటాడు. గడ్డపు చెక్క ఆ సమయమంతా అతని ఛాతీకి ఆనుకుని ఉంటుంది.